కోహిమాలో బకెట్ నీళ్ళు యాభై రూపాయలు

ముందే చెప్పేస్తున్నాను. నాగాలాండ్ రాజధాని కోహిమా తప్పకుండా వెళ్ళండి, కానీ ఫోన్లో ఫొటోలు చూసి గది బుక్ చేసుకోకండి. మేం చేసుకుని అనుభవించాం.

మేం అంటే నేనూ, మా వియ్యంకుడూ. మా అమ్మాయి ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడి అబ్బాయినే పెళ్ళి చేసుకుంది. అల్లుడి తండ్రికి డెబ్బై నాలుగేళ్ళు, బొత్తిగా మాట్లాడడు. పెళ్ళిలో ఆయనకు "మనిద్దరం బావగారూ అని పిలుచుకోవాలి" అని నేర్పాను. అప్పట్నుంచీ నన్ను "బవగరూ" అంటాడు. దీర్ఘాలు తీయమంటే నవ్వుతాడు.

ఆయన తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా ప్రాంతంలో పోరాడాడని ఇంట్లో వాళ్ళకు తెలుసు. తెలిసింది అంతే. తిరిగొచ్చి బొగ్గు గనిలో చేరిన ఆ పెద్దాయన పోయేదాకా యుద్ధం మాట ఎత్తలేదట. మిగిలినవి ఒక ఫొటో, రేకు డబ్బాలో బర్మా స్టార్ పతకం. పతకం వెనక పేరుంటుందేమో అని తిప్పి చూశాను. ఏమీ లేదు. ఆ యుద్ధం పతకాలను బ్రిటన్ తన సైనికులకు పేర్లు చెక్కకుండానే ఇచ్చింది. ఇక ఫొటోలో టోపీ మీదున్న బ్యాడ్జి కింగ్స్ ఓన్ యార్క్‌షైర్ లైట్ ఇన్‌ఫాంట్రీది, అంటే కాల్బలానిది. అందుకే ఆయన తుపాకీ మోసుకుని నడిచిన సిపాయే అని అందరూ అనుకున్నారు. అల్లుడికి మాత్రం టోపీ మీద అనుమానం. అది నల్ల బెరె, ట్యాంకుల వాళ్ళు పెట్టుకునేది. పాత ఫొటోలో అన్ని టోపీలూ నల్లగానే ఉంటాయి కదా బాబూ అన్నాను గానీ, అతని మాటే నిజమైంది. 1941లో ఆ రెజిమెంట్ 7వ బెటాలియన్‌ను ట్యాంకు దళంగా మార్చి, 149వ రెజిమెంట్, రాయల్ ఆర్మర్డ్ కోర్ అని పేరు పెట్టారు. అలా మారినవాళ్ళు నల్ల బెరె పెట్టుకున్నారు గానీ పాత బ్యాడ్జిని వదల్లేదు.

పోయినేడు నేను లీడ్స్ వెళ్ళినప్పుడు ముగ్గురం లండన్‌లో క్యూ (Kew) అనే చోట, పాత ప్రభుత్వ కాగితాలు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్ళాం. రీడర్స్ టికెట్ ఉచితం, కాగితాలు మన ఫోన్‌తో ఫొటో తీసుకోవడమూ ఉచితమే. పెన్ను మాత్రం లోపలికి రానివ్వరు, పెన్సిలే. 149వ రెజిమెంట్ 1944 వార్ డైరీ, అంటే దళం రోజువారీ రాసుకున్న యుద్ధ చిట్టా, తెచ్చి ముందు పెట్టారు. ఒక హెచ్చరిక: ఆ డైరీల్లో మీ తాత పేరు కోసం వెతక్కండి. అధికారుల పేర్లుంటాయి, ట్యాంకు లోపల కూర్చున్నవాడి పేరు ఉండటం అరుదు. మాకూ కనబడలేదు. కోహిమా అన్న మాట మాత్రం పేజీ తర్వాత పేజీలో కనబడింది. బావగారు ఒక్కటే అడిగాడు, "అది మీ దేశంలోదే కదా?"

అవును, మా దేశంలోదే. కానీ వెళ్ళడానికి ఆయనకు ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్, నాకు ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. నాకూ పర్మిట్ కావాలని తెలిశాక ఆయన ముఖంలో కనిపించిన సంతోషం నేను మర్చిపోను.

దిమాపూర్ దాకా విమానం, ఏ ఇబ్బందీ లేదు. అక్కడి నుంచి కోహిమా డెబ్బై నాలుగు కిలోమీటర్లే అయినా మే నెల వానకి కొండచరియ విరిగిపడి నాలుగున్నర గంటలు పట్టింది. టాక్సీకి 3,200.

ఇప్పుడు లాడ్జి సంగతి. పేరు రాయను. ఫోన్లో 2,800 చూపించిన గది, కౌంటర్ దగ్గరికి వెళ్ళేసరికి 3,500 అయింది. ఎందుకంటే "ఫారినర్ రేటు" అన్నాడు. ఒకాయనే కదా ఫారినర్, నాది గుంటూరు అన్నాను. గదికి ఒకటే రేటు, గుంటూరుకి వేరే రేటు లేదు అన్నాడు. బావగారు నా చొక్కా పట్టుకుని లాగి డబ్బు కట్టేశాడు. గదిలో దుప్పటి మీద చెయ్యి వేస్తే తడి తగిలింది. కిటికీ మూల నుంచి నీళ్ళు సన్నగా గోడ వెంట దిగి, సరిగ్గా ప్లగ్ పాయింట్ పక్కనుంచి పోతున్నాయి. బాత్రూంలో కుళాయి తిప్పితే గాలి వచ్చింది. బయట కుండపోత, లోపల చుక్క నీరు లేదు. ఊళ్ళో నీటి కొరత ఉందని, ట్యాంకర్లు కొనుక్కుంటారని తర్వాత తెలిసింది, దానికి ఎవర్నీ తప్పు పట్టను. కానీ బకెట్ వేన్నీళ్ళకు యాభై రూపాయలు, అది బిల్లులో "సర్వీస్" అని వేరే వరస! రెండు రాత్రులకు ఎనిమిది బకెట్లు, నాలుగు వందలు. నాకు కోపంతో నిద్ర పట్టలేదు. ఆయన మాత్రం గోడ మీద తడి చూస్తూ, "మా నాన్న ఉన్నది కూడా ఇదే నెలలో," అని పడుకున్నాడు.

మూడో రోజు టీ కొట్టు అతను చెబితే ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంటికి మారాం. అంగామీ అనే నాగా తెగ ఆవిడ. మనిషికి వెయ్యి, ఉదయం టిఫిను కలిపి. వంటింట్లో పొయ్యి పక్కనే కూర్చోబెట్టి అన్నం, పొగలో ఎండబెట్టిన పంది మాంసం, వెదురు చిగుళ్ళ కూర పెట్టింది. నేను మాంసం ముట్టనంటే ఉడికించిన ఆకుకూర, పక్కన చిటికెడు పచ్చడి వేసింది. ఇదేమిటి, ఇంత తక్కువా అనుకుని వేలు నిండా తీసి అన్నంలో కలిపాను. రాజా మిర్చి. గుంటూరు మిరపకాయ గురించి మూడు రోజులుగా బావగారికి చెప్పిన గొప్పలన్నీ కళ్ళల్లోంచి కారిపోయాయి. ఆవిడ నవ్వు ఆపుకుంటూ గంజి లాంటిదేదో తాగించింది. బావగారు ఆ యాత్ర మొత్తం మీద పడీ పడీ నవ్వింది అప్పుడే. ఆ ఒక్క భోజనానికైనా టీచరమ్మకు ఇంకో వెయ్యి ఇవ్వొచ్చు.

యుద్ధ శ్మశానం ఊరి మధ్యలోనే ఉంది, టికెట్టు లేదు. 1944 ఏప్రిల్‌లో జపాన్ సైన్యం ఊరిని చుట్టుముడితే, జూన్ 22న ఇంఫాల్ దారి తెరుచుకునేదాకా యుద్ధం ఈ కొండ మీదా, ఆ దారి పొడవునా సాగింది. 1,420 సమాధులు, దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లతో విడిగా ఒక స్మారకం. మెట్లు మెట్లుగా దిగే పచ్చికలో మధ్యన తెల్ల గీతలు కనిపిస్తాయి. అది డిప్యూటీ కమిషనర్ గారి టెన్నిస్ కోర్టు. ఒక చివర బ్రిటిష్ వాళ్ళు, ఇంకో చివర జపాన్ వాళ్ళు వారాల తరబడి కాల్చుకున్నారు. ఈ చివర నుంచి ఆ చివరకు నేను నడిచాను. ముప్పై ఒక్క అంగలు. మే 13న బుల్డోజర్‌తో దారి తవ్వి, 149వ రెజిమెంట్ ట్యాంకు ఒకదాన్ని పైనుంచి ఈ కోర్టులోకి దింపి, బంకర్లను దాదాపు ఎదురెదురుగా నిలబడి కొట్టారు. అందులో పెద్దాయన ఉన్నాడా అంటే, డైరీ చెప్పదు కదా. రాయల్ ఆర్మర్డ్ కోర్ అని రాసి ఉన్న కంచు ఫలకం కనిపించిన ప్రతిచోటా బావగారు ఆగాడు. వయసు చదువుతాడు, గొడుగు చేయి మార్చుకుంటాడు, కదులుతాడు. నేను స్మారకం మీద మనవాళ్ళ పేర్ల కోసం చూస్తుంటే వాన పెద్దదై ఇద్దరం గేటు దగ్గరికి పరిగెత్తాం.

ఇంకోటి, చాలామంది చూడకుండా వచ్చేస్తారు. అదే రెజిమెంట్ లీ-గ్రాంట్ ట్యాంకు ఒకటి కొండ ఎక్కబోయి జారి చిక్కుకుపోతే, ఇప్పటికీ ఊళ్ళోనే ఉంది. డ్రైవర్‌ని అడగండి, తీసుకెళ్తాడు. పెద్ద తుపాకీ పొట్టలో ఓ పక్కన, చిన్నది పైన. పెద్దది కొంచెమే తిరుగుతుంది, ఎక్కువ తిప్పాలంటే ట్యాంకునే తిప్పాలి, అదీ ఈ బురదలో, ఈ వాలులో. బావగారు బూటుతో నేలను నొక్కి చూశాడు. మడమ దాకా దిగింది. కాలు లాక్కుని, మళ్ళీ నొక్కాడు.

"లోపల ఎంతమంది పడతారు?" అన్నాను.

"ఆరుగురు. మా నాన్న ఇంట్లో తలుపు మూయనిచ్చేవాడు కాదు," అన్నాడు.

లాడ్జి వాడు అదనంగా వేసిన 1,400 తిరిగివ్వమని మెయిల్ పెట్టి నెల దాటింది. మూడుసార్లు గుర్తు చేశాను, జవాబు లేదు. టీచరమ్మ మాత్రం సీసాలో రాజా మిర్చి పంపింది. అది ఇప్పుడు లీడ్స్‌లో, బావగారి ఫ్రిజ్‌లో ఉందట.