సంచార్ సాథీ: మన పేరిట ఎన్ని సిమ్‌లున్నాయో చూపించే సేవ

టెలికాం శాఖ 2023 మే నెలలో ప్రారంభించిన సంచార్ సాథీ సేవను మా అమ్మగారి నంబరుతో వాడి చూశాను. ఓటీపీ ఇవ్వగానే ఆమె పేరిట ఉన్న కనెక్షన్లన్నీ తెరపై వరుసగా వచ్చాయి. వాటిలో ఒకటి మా ఇంట్లో ఎవరూ ఎరగనిది కావడంతో, ‘నా నంబరు కాదు’ అన్నదాన్ని ఎంచుకొని అక్కడికక్కడే ఫిర్యాదు పంపాం. ఆమె ఆధార్ నకలు ఎన్ని దుకాణాల్లో ఇచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు భయమే.

పోలీసు ఫిర్యాదు ప్రతిని జతచేసి, పోయిన ఫోనును ఐఎంఈఐ (ప్రతి ఫోనుకూ ఉండే గుర్తింపు సంఖ్య) ఆధారంగా పనిచేయకుండా నిలిపివేయించే వీలూ ఇందులో ఉంది. కేవైసీ (ఖాతాదారు గుర్తింపు ధ్రువీకరణ) గడువు ముగిసిందంటూ బెదిరించే కాల్స్‌ను ఇందులోని ‘చక్షు’ విభాగంలో తెలియజేయవచ్చు. అయితే చక్షు అనుమానాస్పద కాల్స్‌కు, సందేశాలకే పరిమితం. డబ్బు పోయినట్లయితే, అది ఖాతాలు మారిపోకముందే ఆపించేందుకు వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.