పిల్లల చదువు వినే యాప్: నాలుగేళ్లు వాడాక

మూడో తరగతి పిల్లలతో నాలుగేళ్లుగా ఒక రీడింగ్ యాప్ వాడుతున్నాను. పిల్లలు ట్యాబ్ ముందు కూర్చుని ఒక పేరా పైకి చదువుతారు. యాప్ విని, నిమిషంలో ఎన్ని పదాలు తప్పు లేకుండా చదివారో చెబుతుంది. ఇదివరకు స్టాప్‌వాచ్ పట్టుకుని ఆ పని నేనే చేసేదాన్ని. 32 మంది పూర్తయ్యేసరికి రెండు పూటలు పట్టేది. ఇప్పుడు అరగంటలో అయిపోతుంది. మిగిలిన ఆ సమయంలో వెనకబడిన పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదివించగలుగుతున్నాను. ఈ మేలు చిన్నది కాదు.

మొదటి ఏడాది ఆ అంకెలను పూర్తిగా నమ్మాను. రెండో ఏడాది ఒక పాప వచ్చింది. ఆమెకు నత్తి. పదం మొదట్లో ఆగుతుంది, మొదటి అక్షరాన్ని రెండు మూడు సార్లు పలుకుతుంది, ఆ తర్వాత పదాన్ని స్పష్టంగా అంటుంది. యాప్ 41 అని చూపించింది. అనుమానం వచ్చి రికార్డింగ్ పెట్టుకుని, పేరా ప్రింటు మీద గీతలు పెడుతూ విన్నాను. నా లెక్కలో 58 వచ్చింది. చేత్తో లెక్కపెట్టే పద్ధతిలో మళ్లీ పలకడం తప్పు కింద రాదు. మూడు సెకన్లలోపు తనంతట తాను దిద్దుకుంటే సరైనదే. ఇంట్లో మాట్లాడే యాస వల్ల పలుకు మారినా తప్పు పెట్టకూడదు. యాప్ మాత్రం ఆ పాప తడబడిన ప్రతిచోటా ఎర్ర గీత గీసింది.

ఇంకా ఆలోచిస్తే నా 58 కూడా సరైన కొలత కాదు. తడబాటుకు పోయిన సెకన్లు ఆ నిమిషంలోంచే పోయాయి కదా! పుస్తకం మూసి కథ చెప్పమంటే ఒక్క సంగతీ వదలకుండా చెప్పింది. మేం కొలిచింది ఆమె నోటి వేగాన్ని, చదివే శక్తిని కాదు. ఆ ఏడాది మొదటి మూడు నెలలు ఆమెను తక్కువ స్థాయి గుంపులో కూర్చోబెట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

యాస ఉన్న పిల్లలకూ ఇదే ఇబ్బంది. 2020లో అమెరికాలో అయిదు పెద్ద కంపెనీల మాట గుర్తింపు వ్యవస్థలను పరీక్షించారు. నల్లజాతివారు మాట్లాడినప్పుడు సగటున 100 పదాలకు 35 తప్పులు, తెల్లవారు మాట్లాడినప్పుడు 19 తప్పులు వచ్చాయి. అది ఎక్కువగా పెద్దవాళ్ల మాటలతో చేసిన పరీక్ష. పిల్లల గొంతు సన్నగా ఉంటుంది, పలుకు ఇంకా కుదురుకుని ఉండదు. ఎక్కువగా పెద్దల గొంతులు విని నేర్చుకున్న యంత్రానికి అది మరీ కష్టం. దీనికి తోడు మైకు పాతదైనా, పక్క బల్ల దగ్గర గోలగా ఉన్నా మార్కు తగ్గుతుంది.

ఎక్కువ మార్కు వచ్చినంత మాత్రాన నమ్మేయడానికీ లేదు. పేరాలో ఏముందో యాప్‌కు ముందే తెలుసు కాబట్టి, దగ్గరగా వినిపించిన తప్పు పదాన్ని కూడా ఒక్కోసారి సరే అనేస్తుంది. అందుకే పైమార్కుల వాళ్ల రికార్డింగులు కూడా కొన్ని వింటాను.

పాఠాన్ని యాప్ చదివి వినిపించే సౌకర్యం మాత్రం చాలా బాగుంది. పరీక్షలో కూడా అది ఉంచాలా అని తోటి టీచర్లు అడుగుతుంటారు. ఏం కొలుస్తున్నామన్నదాన్ని బట్టి చూస్తాను. సైన్సు తెలుసా లేదా అన్నది చూస్తుంటే ఉంచాలి. అక్షరాలు కూడబలుక్కోవడం తెలియని పిల్లాడికి మొక్క ఆహారం ఎలా తయారుచేసుకుంటుందో తెలిసే ఉండవచ్చు. చదవడం వచ్చా లేదా అన్నదే పరీక్షయితే తీసేయాలి.

జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారే పరీక్ష కూడా ఇందులో ఉంది. తక్కువ ప్రశ్నలతోనే స్థాయి తెలుస్తుంది, బాగుంది. కానీ వెనక్కి వెళ్లి దిద్దుకునే వీలు లేదు. నిదానంగా సరిచూసుకునే పిల్లలు అక్కడ బెదిరిపోతున్నారు.

నత్తి ఉన్న పిల్లలకు వేరే సెట్టింగ్ పెట్టమని తయారుచేసినవాళ్లకు రెండుసార్లు రాశాను. పరిశీలిస్తామన్నారు. ఇంకా రాలేదు.

అయినా వచ్చే ఏడాదికీ ఈ యాప్ కావాలనే అడిగాను. ఆ రికార్డింగులు లేకపోతే పాప విషయంలో నా పొరపాటు నాకు తెలిసేదే కాదు. అడిగిన కాగితంలోనే ఒక షరతు కూడా రాశాను: టీచరు రికార్డింగ్ విని సంతకం పెట్టకుండా యాప్ ఇచ్చిన ఏ అంకె కూడా రిపోర్టు కార్డులోకి ఎక్కకూడదు.