కుక్కకు నేర్పడం: ముక్క చూపించడమా, అదే చేసేదాకా ఆగడమా?

కూర్చోవడం కుక్కకు పుట్టుకతో వచ్చిన విద్యే. ఎప్పుడు కూర్చుంటే తనకు లాభమో తెలియజెప్పడమే మన పని. నడుము మీద చెయ్యి పెట్టి నొక్కి కూర్చోబెట్టడం ఇప్పటికీ చాలా ఇళ్లలో చూస్తాం. నొక్కేకొద్దీ కుక్క బిగుసుకుంటుంది, మనిషి చెయ్యంటేనే బెదురుతుంది. ఆ పద్ధతిని పక్కన పెట్టేద్దాం. మిగిలినవి రెండు.

మొదటిది ముక్క చూపించి నడిపించడం. చికెన్ ముక్కను ముక్కు దగ్గర పెట్టి, మెల్లగా తల మీదుగా వెనక్కి జరిపితే, కుక్క తల పైకెత్తుతుంది, వెనక భాగం దానంతటదే దిగుతుంది. కొన్ని నిమిషాల్లోనే ఫలితం కనిపిస్తుంది. చిక్కేమిటంటే, దాని ధ్యాసంతా చేతిలో ఉన్న ముక్క మీదే. చెయ్యి ఖాళీగా ఉంటే మాట వినదు. అందుకే మూడు నాలుగుసార్లు కాగానే ఖాళీ చేత్తో అదే సైగ చేసి, ముక్కను జేబులోంచి తీసి ఇవ్వాలి.

రెండోది, అది తనంతట తాను కూర్చునేదాకా ఆగి, కూర్చున్న ఆ క్షణంలోనే ‘యెస్’ అనో, క్లిక్కర్ (నొక్కితే ‘టిక్’మనే చిన్న పరికరం) నొక్కో, వెంటనే ముక్క ఇవ్వడం. క్లిక్కర్ పద్ధతికి ప్రచారం తెచ్చిన కారెన్ ప్రయర్ 1960లలో హవాయిలోని సీ లైఫ్ పార్క్‌లో డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చారు. నీళ్లలో ఉన్న డాల్ఫిన్‌కు బెల్టు కట్టి లాగలేం కదా! ఈల, చేప, ఓపిక, ఇవే సాధనాలు. అంతకుముందు చేయని పని చేస్తేనే చేప ఇస్తామన్నట్టు నేర్పితే, అవి కొత్త కొత్త విన్యాసాలు కనిపెట్టడం మొదలుపెట్టాయి. ఆ ప్రయోగం 1969లో అచ్చయింది. ‘నేను చేసినందుకే వచ్చింది’ అని జంతువుకు అర్థమైతే, అది ఆలోచించడం మొదలుపెడుతుంది.

నా ఓటు రెండోదానికే. ముఖ్యంగా వీధిలోంచి తెచ్చి పెంచుకునే మన నాటు కుక్కలకు. ముఖం దగ్గరికి చెయ్యి వస్తేనే వెనక్కి తగ్గే కుక్కను ముక్కతో నడిపించడం కష్టం. పైగా ముక్క చూపించి కుక్కను పడుకోబెట్టగలం గానీ, దాని మనసును నెమ్మదింపజేయలేం. మనం అన్నం తింటుండగా అది చాప మీద ఒళ్లు వాల్చిందంటే, చప్పుడు చేయకుండా ముందుకాళ్ల మధ్య ఒక ముక్క పెట్టండి. ఇక్కడ క్లిక్కర్ వద్దు, ఆ శబ్దానికి లేచి నిలబడుతుంది.

‘కూర్చో’ అనే మాట మొదట్లోనే వాడకండి. ఇప్పుడు కూర్చోబోతోందని మీకు ఖాయంగా తెలిసే దశకు వచ్చాకే అనండి. ఇంట్లో అందరూ ఒకే మాట అనాలి. నాన్న ‘సిట్’, అమ్మమ్మ ‘కూచోవే’ అంటే పాపం దానికి అయోమయం.

అరుపుల విషయంలో మాత్రం జాగ్రత్త. కాలింగ్ బెల్‌కు అరిచి ఆగగానే ముక్క ఇస్తూ పోతే, ‘అరిచి ఆగితే ముక్క’ అని నేర్చుకుంటుంది. అరవకముందే ఇవ్వాలి. అసలు ఎప్పుడూ చేయని పని కోసం ఎదురుచూసీ లాభం లేదు, దానికి ముక్క చూపించడమే దారి. రోడ్డు పక్కన పిలిస్తే రావడం నేర్పేటప్పుడు ఏ పద్ధతైనా సరే, పొడవాటి తాడు తప్పనిసరి.

ముక్కలు వేలిగోరంత చాలు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ మంచిది. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషం. ఇచ్చినంత మేర రాత్రి గిన్నెలో తగ్గించండి.