పిల్లాడు తప్పు చేస్తే ఇంటికి పంపాలా, స్కూల్లోనే విడిగా కూర్చోబెట్టాలా? ఏది మేలు?

టెక్సాస్‌లో పిల్లలు క్లాసులో గొడవ చేసినా, టీచర్‌కి ఎదురు తిరిగినా మామూలుగా రెండిట్లో ఒకటి జరుగుతుంది, సస్పెండ్ చేసి ఇంటికి పంపడమో, స్కూల్లోనే వేరే గదిలో కూర్చోబెట్టడమో. ఈ రెండోదాన్నే ఐఎస్ఎస్ (ఇన్-స్కూల్ సస్పెన్షన్) అంటారు. డాలస్ దగ్గర ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు మనోళ్ళ పిల్లలు చాలామందే ఉన్నారు, కానీ స్కూల్ నుంచి ఫోనొస్తే మన కంగారంతా పరువు గురించే, ఆ గదిలో రోజంతా ఏం చేయిస్తారని అడిగేవాళ్ళు తక్కువ. మా వాడికెందుకొస్తుందిలే అనుకోకండి, 2011లో వచ్చిన ఒక పెద్ద స్టడీ ఇదే రాష్ట్రంలో దాదాపు 10 లక్షల మంది పిల్లల రికార్డులు చూస్తే, ఏడో క్లాసు నుంచి పన్నెండు లోపు పదిమందిలో ఆరుగురికి ఒక్కసారైనా ఏదో ఒక రకం సస్పెన్షనో, స్కూల్ నుంచి తీసేయడమో జరిగింది.

ఇంటికి పంపడం వల్ల లాభం లేదని అనను. కొట్టుకున్న ఇద్దరినీ వెంటనే దూరం పెట్టాలి, దెబ్బ తిన్న పిల్లకి మర్నాడు భయం లేకుండా క్లాసులో కూర్చునే హక్కుంది. చట్టం ప్రకారం ఒకసారికి 3 స్కూల్ రోజులు మించి పంపకూడదు కూడా. కానీ అమ్మానాన్న ఇద్దరూ ఆఫీసుకెళ్ళే ఇంట్లో ఆ మూడు రోజులూ వాడూ, వాడి ఫోనూ, అంతే. స్కూలంటేనే పడని వాడికైతే అది సెలవే!

ఐఎస్ఎస్‌లో కనీసం పిల్లాడు పెద్దవాళ్ళ కళ్ళముందు ఉంటాడు, భోజనం ఉంటుంది, పిల్లల సమస్యలు విని మాట్లాడే స్కూల్ కౌన్సిలర్ అదే బిల్డింగ్‌లో ఉంటారు. అయితే చాలాచోట్ల ఆ గది అంటే గోడకేసి తిరిగి కూర్చుని వర్క్‌షీట్లు నింపడమే. కోర్ సబ్జెక్టుల వర్క్ అందేలా చూడాలని చట్టం చెప్తుంది, స్కూళ్ళు ప్యాకెట్ ఇస్తాయి కూడా, కానీ ఆల్జీబ్రా ప్యాకెట్ చేతిలో పెట్టి చెప్పేవాళ్ళు లేకపోతే ఏం లాభం, వాడు తిరిగి క్లాసుకెళ్ళేసరికి పాఠం ముందుకెళ్ళిపోయి ఉంటుంది, అర్థం కాదు, అర్థం కానప్పుడు మళ్ళీ అల్లరి, మళ్ళీ అదే గది. పైగా 2025లో మార్చిన చట్టంతో ఐఎస్ఎస్‌కి గరిష్ఠ గడువే లేదు, ప్రిన్సిపాల్ 10 స్కూల్ రోజులకోసారి చూడాలి అంతే. నాకు బాగా బాధ కలిగించేది ఇదే.

మూడో దారి ఒకటుంది, తప్పు చేసినవాడినీ, బాధపడ్డవాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడించి దాన్ని సరిచేయించడం, రిస్టోరేటివ్ పద్ధతి అంటారు. పిట్స్‌బర్గ్ స్కూళ్ళలో 2015 నుంచి 2017 దాకా ర్యాండ్ అనే పరిశోధన సంస్థ దీన్ని పరిశీలిస్తే సస్పెన్షన్ రోజులు తగ్గాయి, కానీ ఆరు నుంచి ఎనిమిది క్లాసుల పిల్లల చదువు కాస్త వెనకబడింది. అందుకే మాటలొక్కటే సరిపోతాయని నేననుకోను.

నా ఓటు ఐఎస్ఎస్‌కే, ఆ మాటల్ని కూడా ఆ గదిలోకే తీసుకొస్తేనే. ముందు ఏం జరిగింది, ఎవరికి ఏమైంది అన్నది పిల్లాడు తన మాటల్లో రాయాలి, కౌన్సిలర్ కూర్చుని అది చదివి వాడితో మాట్లాడాలి, తర్వాత చదువు చెప్పగల టీచర్ ఒకరు గదిలో ఉండాలి, తిరిగి క్లాసుకి వెళ్ళే రోజు గొడవపడ్డ టీచర్‌తోనే ఒక ఐదు నిమిషాల మాట జరగాలి. ఈ చివరిది ఎక్కువమంది వదిలేస్తారు, నా లెక్కలో అన్నిటికన్నా అవసరమైంది అదే, ఎందుకంటే ఆ ఇద్దరి మధ్యే కదా చెడింది. ఆయుధమో, ఎవరికైనా గట్టి దెబ్బో అయితే వేరే విషయం, అక్కడ దూరం పెట్టాల్సిందే.

ఐఈపీ, అంటే స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలకి విడిగా రాసిచ్చే చదువు ప్లాన్, ఉన్న పిల్లలైతే ఇంకా జాగ్రత్త. వాళ్ళకి రావాల్సిన సర్వీసులు ఆ గదిలో అందకపోతే ఆ రోజులు కూడా, పిల్లల్ని క్లాసుకి దూరంగా ఉంచే రోజులకి ఫెడరల్ చట్టం పెట్టిన 10 రోజుల లెక్కలోకి రావచ్చు, కాబట్టి తేదీలు రాసిపెట్టుకోండి.

ఫోనొచ్చినప్పుడు అడగాల్సినవి ఇవి: గదిలో ఉండేది టీచరా, కాపలా మనిషా? లెక్కలు ఎవరు చెప్తారు? కౌన్సిలర్ ఏ పూట కలుస్తారు? తిరిగి క్లాసుకి వెళ్ళే రోజు ఎవరు తీసుకెళ్తారు? జవాబులు ఈమెయిల్‌లో ఇమ్మనండి, మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.