కుంకుడుకాయలు దొరకని ఊళ్లో నాలుగేళ్లుగా జువా పొడి

ఇది బ్రెజిలియన్ కెరాటిన్ గురించి కాదు, ముందే చెప్పేస్తున్నా. మన పార్లర్లలో 'బ్రెజిలియన్' అనగానే జుట్టుని స్కేలు పెట్టి గీసినట్టు సాపు చేసే మందే గుర్తొస్తుంది. నేనుండే బ్రెజిల్‌లో దాని కోసం జనం ఫార్మాలిన్ కొనుక్కుని తలకి పూసుకుంటుంటే 2009లో అన్వీసా, అంటే ఇక్కడి ఆరోగ్య నియంత్రణ సంస్థ, మందుల షాపుల్లో, సూపర్‌మార్కెట్లలో దాని అమ్మకమే ఆపించింది. నేను చెప్పేది ఈశాన్య బ్రెజిల్ పల్లెల్లో పాతకాలం నుంచీ తల రుద్దుకుంటున్న ఒక చెట్టు బెరడు సంగతి. 'హాస్పా ది జువా' అంటారు. జువా చెక్క తురుము అనుకోండి.

మేముండేది పెట్రోలీనాలో. మా ఆయనకి మామిడి ఎగుమతి చేసే కంపెనీలో ఉద్యోగం. సావ్ ఫ్రాన్సిస్కో నదికి ఇటు మా ఊరు, వంతెన దాటితే జువాజేరు. ఆ ఊరికి పేరొచ్చింది ఈ చెట్టు వల్లే. నది నీళ్లు అందినంత మేర మామిడి, ద్రాక్ష తోటలు. అవి దాటితే కాటింగా, ముళ్లకంపల అడివి. వానల్లేని నెలల్లో అదంతా బూడిద రంగుకి తిరిగిపోయినా జువా చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది. మన రేగుకి దాయాది. పండు కూడా రేగుపండులాగే చిన్నగా, పసుప్పచ్చగా ఉంటుంది.

నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కుంకుడు రసం తప్ప ఇంకోటి తలకి పడని మనిషిని. షాంపూ వాడితే రెండో వారానికి మాడు దురద. వచ్చేటప్పుడు రెండు కిలోలు తెచ్చుకున్నా, ఎనిమిది నెలల్లో అయిపోయాయి. రెండోసారి తెచ్చినవి విమానాశ్రయంలోనే చెత్తబుట్టలో పడ్డాయి, విత్తనాలు రానివ్వరట. అలాంటి రోజుల్లో సంతలో మూలికలమ్మే ఆవిడ దగ్గర గోధుమరంగు పొడి పొట్లం కనిపించింది. విప్పి వాసన చూశానో లేదో, వరసగా ఆరు తుమ్ములు. సంబరం ఆగలేదు. కుంకుడుకాయలు దంచేటప్పుడు మా అమ్మమ్మ తుమ్మేది సరిగ్గా ఇలాగే.

ఆ సంబరంలోనే తప్పు చేశాను. సీకాయపొడి కలిపినట్టు నీళ్లలో ముద్దగా కలిపి తలంతా పట్టించేశా. నురగ బాగానే వచ్చింది, జిడ్డూ పోయింది. కానీ ఆ పొడి సీకాయలా కడిగితే పోయే రకం కాదు. చెక్క కదా, సన్నటి పీచు. నాలుగు చెంబులు ఎక్కువే పోసుకున్నా పాయల మధ్య అలాగే ఉండిపోయింది. తడి మీద తెలియలేదు. మర్నాడు అమ్మాయి బళ్లో తల్లిదండ్రుల మీటింగుకి నల్ల జాకెట్టు వేసుకుని వెళ్లా. జడ ముందుకి వేసుకున్నప్పుడల్లా భుజం మీద తెల్లగా రాలుతోంది. చూసీ చూడనట్టు ఉన్నారు అందరూ. చివరికి మా అమ్మాయి స్నేహితురాలి తల్లి నన్ను పక్కకి తీసుకెళ్లి, చెయ్యి పట్టుకుని, ఎంతో ప్రేమగా చెప్పింది: "చుండ్రుకి జువా చాలా మంచిది, ఎప్పుడైనా వాడి చూశారా?"

ఆ పొట్లం మూడు నెలలు అల్మరా పై అరలోనే ఉండిపోయింది.

దాన్ని మళ్లీ కిందికి దింపించింది మా కింది వాటాలో ఉండే పెద్దావిడ. పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. నన్ను 'ఫీల్యా' అంటుంది, కూతురా అని. సంగతి విని కాసేపు నవ్వి, తన వంటింట్లోంచి కాఫీ వడకట్టే గుడ్డసంచి పట్టుకొచ్చింది. తీగ పిడితో చిన్న సీతాకోకచిలుకల వలలా ఉంటుంది, ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉండేదే. "పొడి తలకి పూస్తారా ఎవరైనా? కాఫీపొడి నోట్లో వేసుకుంటావా నువ్వు?" అంది. రెండు చెంచాల పొడి గోరువెచ్చని నీళ్లలో రాత్రే నానేయాలి. పొద్దున చేత్తో గిలక్కొట్టి ఆ సంచిలో పోసి పిండాలి. కిందికి దిగిన పల్చటి నీళ్లే తలకి.

అప్పటి నుంచి నా చేతికి మజ్జిగ కవ్వం వచ్చింది. గిన్నెలో కవ్వం తిప్పుతుంటే ముందు పెద్ద బుడగలు లేస్తాయి, తర్వాత అవి చితికి చిక్కబడి తెల్లటి మీగడలా పైకి పొంగుతుంది. కుంకుడు నురగ ఇలా తిప్పగానే అలా చప్పబడుతుంది. ఇది స్నానం అయ్యేదాకా నిలబడుతుంది. కళ్లల్లో పడితే మంట మాత్రం రెండింటికీ ఒకటే. నలభై ఏళ్లొచ్చాక కూడా కళ్లకి తువ్వాలు అడ్డం పెట్టుకుని తలంటు పోసుకుంటున్నా.

మొదటి ఏడాది ఊళ్లో ఉన్న స్నేహితురాళ్లందరికీ ఫోన్లు చేసి మరీ పొగిడాను. ఇప్పుడైతే కొంచెం ఆగి చెబుతా. వారానికి రెండుసార్లు వాడితే చివర్లు చీపురైపోతాయి. పది రోజులకోసారి చాలు. మనలా చారెడు నూనె పెట్టి నానితే ఒక్క దఫాకి వదలదు, రెండోసారి పోయాల్సిందే. అందుకే కొబ్బరినూనె మానేసి బబసూ నూనెకి మారాను. అదీ ఇక్కడి తాటిజాతి కాయల గింజల్లోంచి తీసేదే. ఆ కాయ రాయిలా ఉంటుంది. ఆడవాళ్లు గొడ్డలి అంచు పైకి పెట్టి కాలికింద అదిమిపట్టి, దాని మీద కాయ ఆనించి కర్రతో కొట్టి పగలగొడతారు. నాలుగు చుక్కలు చివర్లకి రాస్తే సరిపోతుంది.

పొడి కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఒక షాపులో కొన్నది ఎంత గిలక్కొట్టినా నురగే రాలేదు. ఏం కలిపారో వాళ్లకే తెలియాలి. ఇంకో సంగతి మనసులో తొలుస్తూ ఉంటుంది. కుంకుడుకాయ రాలితే ఏరుకుంటాం, చెట్టుకేం కాదు. ఇది బెరడు లోపలి పొర. కాండం చుట్టూ ఒలిచేస్తే చెట్టు చస్తుంది. మా కిందావిడ వాళ్ల నాన్న ఒక్క పక్కనే కొంచెం చెక్కి, అది మానేదాకా ఆ చెట్టు జోలికి వెళ్లేవాడు కాదట. సంతలో పొట్లం కొనేటప్పుడు అదెవరు అడుగుతారు? నేనూ అడగలేదు.

ఊడడం తగ్గిందా అని మా చెల్లి ప్రతిసారీ అడుగుతుంది. తగ్గింది. కానీ అదే ఏడాది నాకు రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు కూడా మొదలుపెట్టారు, దేని పుణ్యమో ఎలా చెప్పను? నాది ఒత్తైన, రంగెయ్యని, సాపు జుట్టు. మాడు దురద పోయిన మాట మాత్రం నిజం. మా అమ్మాయిది వాళ్ల నాన్న పోలిక, ఉంగరాల జుట్టు. దానికిది అసలు పడలేదు, చిక్కులు పడి ఏడుపు. అది షాంపూయే వాడుతుంది.

పోయినేడు తెనాలి వెళ్లినప్పుడు అమ్మకి ఒక పొట్లం తీసుకెళ్లా. నానేసి, గిలక్కొట్టి, నేనే తలంటు పోశాను. జుట్టు ఆరబెట్టుకుంటూ వాసన చూసుకుంది. "నురగ సరేలేవే, తలంటుకున్న వాసనేదీ?" అంది. పొడి మళ్లీ తేవద్దంది. ఆ గుడ్డసంచి మాత్రం రెండు పట్టుకు రమ్మంది, చింతపండు రసం వడకట్టుకోవడానికి బాగుందట.