సాయమా, సంపాదనా? ఏది న్యాయమో తేల్చేది పద్నాలుగో గంట

ఈ ప్రశ్న నన్ను ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉంటారు. "పొద్దున్నే లేచి పనికెళ్లేవాడికి వచ్చేదీ, ఇంట్లో కూర్చున్నవాడికి ప్రభుత్వం ఇచ్చేదీ ఇంచుమించు ఒకటే అయితే ఇదేం న్యాయం?" అని కొందరు. "పని దొరకనివాడు బతకొద్దా?" అని ఇంకొందరు. రెండు కోపాల్లోనూ నిజముంది. కాబట్టి ఎవరు సోమరి, ఎవరు కష్టజీవి అన్న గొడవ జోలికి పోను. సాయానికీ జీతానికీ పొంతన కుదర్చడానికి వేర్వేరు దేశాలు పట్టిన దారుల్లో ఏది మేలో మాత్రం చూద్దాం. నా మొగ్గు ఎటో దాచుకోను, చదువుతుంటే మీకే తెలిసిపోతుంది.

ముందు ఒకదాన్ని లెక్కలోంచి తీసేస్తున్నాను. పనిలో ఉన్నప్పుడు చందా కట్టి, పని పోయాక తీసుకునే నిరుద్యోగ భృతి బీమా లాంటిది. జర్మనీలో అది పాత నికర జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952లో చేసిన 102వ ఒప్పందం కూడా ఇలాంటి భృతి పాత జీతంలో కనీసం 45 శాతం ఉండాలంటుంది. ఎవరి భృతి వాళ్ల జీతంలోంచే పుడుతుంది కాబట్టి దీని మీద పెద్దగా ఏడుపు ఉండదు. పేచీ అంతా చందాతో సంబంధం లేకుండా, అవసరాన్ని చూసి ఇచ్చే సాయం దగ్గరే.

అసలు ఈ పోలిక ఎందుకు ఇంత చిక్కుగా ఉంటుందో ఒక్క ముక్కలో చెప్పొచ్చు. జీతానికి పిల్లలు కనబడరు, సాయానికి కనబడతారు. ఒకే యంత్రం దగ్గర ఒకే పని చేసే ఇద్దరికీ జీతం ఒకటే, ఒకడు ఒంటరి అయినా రెండోవాడికి నలుగురు పిల్లలున్నా. సాయం మాత్రం ఇంట్లో ఎన్ని కంచాలున్నాయో లెక్కపెట్టి ఇస్తారు. కాబట్టి పెద్ద కుటుంబానికి వచ్చే సాయం, చిన్న ఉద్యోగి జీతాన్ని ఎక్కడో ఒకచోట దాటేస్తుంది. ఇందులో మోసమేమీ లేదు, రెండింటి కొలబద్దలే వేరు. బ్రిటన్ సంక్షేమ వ్యవస్థకి రూపునిచ్చిన విలియం బెవరిడ్జ్ 1942 నివేదికలోనే దీన్ని పట్టుకున్నాడు. పిల్లల భత్యం పనిలో ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఒకేలా ఇచ్చేస్తే, పని మానేసినవాడికి ఎక్కువొచ్చే పరిస్థితే రాదన్నాడు. 1946 నుంచి బ్రిటన్‌లో రెండో బిడ్డ మొదలుకొని ఆ భత్యం ఇచ్చారు. ఈ వాదనలో నేను చూసిన తెలివైన మాటల్లో ఇదొకటి. దీన్ని గుర్తుచేసేవాళ్లే తక్కువ.

ఇక దారుల సంగతి.

మొదటిది, సాయానికి పైకప్పు వేయడం. పనిచేయనివాడికి వచ్చేది పనిచేసేవాడికి వచ్చేదాని కన్నా ఎప్పుడూ తక్కువే ఉండాలన్నది దీని సూత్రం. 1834 నాటి ఇంగ్లండ్ పేదల చట్టం దీన్ని కర్కశంగా అమలు చేసింది. సాయం కావాలంటే శ్రమాలయంలో చేరాలి, అక్కడి బతుకు బయట అందరికన్నా అడుగున ఉన్న కూలీ బతుకు కన్నా హీనంగా ఉండి తీరాలి. ఈ కాలపు రూపం 2013లో బ్రిటన్ తెచ్చిన సాయం పరిమితి. పనిచేసే కుటుంబాల సగటు సంపాదన చూపించి ఏడాదికి 26,000 పౌండ్లన్నారు, 2016లో దాన్ని లండన్‌లో 23,000కీ బయట 20,000కీ దించారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పోలికలో ఒక మెలిక ఉంది. ఒకవైపు సాయమంతా కలిపారు, రెండోవైపు సంపాదన ఒక్కటే పెట్టారు. పనిచేసే కుటుంబానికి జీతం పైన పిల్లల భత్యం, ఇంకా కొన్ని సాయాలు కూడా వస్తాయి, వాటిని కలపలేదు. తక్కెడలో ఒక పళ్లెం నింపి రెండోది సగంలో ఆపినట్టు.

పోనీ, తూకం సరిగ్గా వేశారే అనుకుందాం. అప్పుడైనా పైకప్పు ఒక్కదానికే జవాబు చెబుతుంది: ఏ పనీ చేయకుండా ఎంత వస్తుంది? నిజానికి ఎవరూ సున్నా గంటల బతుకునీ నలభై గంటల బతుకునీ పక్కపక్కన పెట్టుకుని ఎంచుకోరు. మనిషి ముందుకొచ్చే ప్రశ్న ఇంకొక్క గంట చేయాలా వద్దా అన్నదే. ఆ గంటకొచ్చిన డబ్బులో చేతికి దక్కేదెంత? ఈ న్యాయం గొడవనంతా తేల్చేది ఈ ఒక్క లెక్కేనని నా నమ్మకం. సాయం పెద్దదా, జీతం పెద్దదా అన్నది దీని తర్వాతే.

ఈ లెక్క నాకు పుస్తకాల్లో దొరకలేదు, మా పిన్ని కూతురు నేర్పింది. బ్రిటన్‌లో స్థిరపడింది, ఇంట్లో పక్షవాతం వచ్చిన మామగారున్నారు. వారానికి 35 గంటలకు తగ్గకుండా ఆయన్ని చూసుకుంటుంది కాబట్టి సంరక్షకుల భత్యం వస్తుంది. మిగతా టైమ్‌లో ఒక షాపులో పని. 2024లో ఒక రాత్రి ఫోన్ చేసి, "అక్కా, మేనేజర్ వారానికి ఇంకొక గంట చేయమంటున్నాడు, చేయనా?" అంది. చేయమ్మా, దానికి నన్నడగడమెందుకు అన్నాను. "కాగితం, పెన్ను తీసుకో," అంది.

అప్పుడు అక్కడ కనీస వేతనం గంటకు 11.44 పౌండ్లు. తను చేసేది పదమూడు గంటలు, అంటే వారానికి 148.72. భత్యం 81.90. రెండూ కలిపితే 230.62. భత్యానికి సంపాదన హద్దు వారానికి 151 పౌండ్లు. పద్నాలుగో గంట చేస్తే సంపాదన 160.16 అవుతుంది, హద్దు దాటుతుంది. అప్పుడు భత్యం కొంచెం తగ్గడం కాదు, మొత్తం పోతుంది. 11.44 కోసం 81.90 వదులుకోవాలి. ఇద్దరం గంటా గంటా పెంచుకుంటూ పోయాం. పదిహేను, పదహారు, పద్దెనిమిది... ఇరవై గంటలు చేసినా 228.80. పదమూడు గంటలప్పటి డబ్బు మళ్లీ కళ్లజూడాలంటే ఇరవై ఒకటో గంటలోకి అడుగు పెట్టాలి. మంచం మీద మనిషిని పెట్టుకుని అన్ని గంటలు ఎక్కడ తెస్తుంది?

"వద్దని చెప్పేస్తా. బద్ధకం అనుకుంటాడేమో," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మేనేజర్‌కే కాదు, పక్కన పనిచేసేవాళ్లకి కూడా తను గంటలు వద్దంటున్న మనిషిగానే కనబడుతుంది. కొద్దిపాటి పౌండ్లతో హద్దు దాటినవాళ్లు తెలియక భత్యం తీసుకుంటూ ఉండిపోయి, ఏళ్ల తర్వాత వేల పౌండ్లు తిరిగి కట్టాల్సి వచ్చింది. అక్కడ అదే ఏడాది అదొక పెద్ద వివాదమైంది.

రెండో దారి, ఒక గీత గీసి దానికి ఎంత తక్కువైతే అంత పూరించడం. చూడ్డానికి దయగలది, లోపల మాత్రం ఈ పద్నాలుగో గంట జబ్బే. 1795 మేలో ఇంగ్లండ్‌లోని బర్క్‌షైర్ న్యాయాధికారులు స్పీన్‌హామ్‌లాండ్‌లో కూర్చుని రొట్టె ధరనీ కుటుంబంలో మనుషుల సంఖ్యనీ బట్టి ఒక పట్టిక రాశారు. కూలి ఆ పట్టిక కన్నా తక్కువైతే మిగతాది స్థానిక నిధి నుంచి ఇవ్వాలి. కూలి పెరిగితే పూరింపు అంతే తగ్గుతుంది, తగ్గితే అంతే పెరుగుతుంది. ఇక కూలీకి ఎక్కువ అడగాలన్న పట్టుదలా, రైతుకి ఎక్కువివ్వాలన్న తొందరా ఎందుకుంటాయి? 1834 నాటి విచారణ సంఘం దేశంలోని పేదరికమంతా దీని వల్లే అన్నట్టు రాసేసింది. అది అతి అని తర్వాతి చరిత్రకారులు తేల్చారు, పంటల పరిస్థితీ యుద్ధకాలపు ధరలూ ఆ సంఘం పట్టించుకోలేదు. అయినా లోపం లోపమే. అమెరికాలో ఒంటరి తల్లుల కుటుంబాలకిచ్చిన పాత సాయంలోనూ సంపాదించిన డాలరుకి డాలరు కోసేవారు. 1967లో చట్టం మార్చి మొదటి 30 డాలర్లూ, ఆపైన మూడో వంతూ చేతిలో ఉంచారు. 1981లో ఆ వెసులుబాటుని కుదించేశారు. వందకి వంద కోసేశాక ఆ మనిషి పనికెళ్లలేదంటే, లెక్క వచ్చిన మనిషని అర్థం.

మూడో దారి నాకు నచ్చినది. సాయాన్ని గోడలా ఆపేయకుండా వాలులా దించడం. పనిచేస్తే సాయం తగ్గుతుంది, కానీ సంపాదన పెరిగినంత వేగంగా కాదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి బ్రిటన్ ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ అనే సాయం ఈ కోవలోదే. సంపాదించిన పౌండులో కోత 2013లో 65 పెన్నీలు, 2017లో 63, 2021 చివర్లో 55 చేశారు. అంటే చేతికొచ్చిన వందలో 45 మిగులుతాయి. అమెరికాలో 1975లో మొదలైన సంపాదన పన్ను రాయితీ ఇంకో అడుగు ముందుకేసింది. ఇద్దరు పిల్లలున్న కుటుంబం సంపాదించే తొలి డాలర్లకి ఒక్కోదానికి 40 సెంట్లు అదనంగా కలుపుతుంది. ఒక స్థాయి దాటాక డాలరుకి 21 సెంట్ల చొప్పున మెల్లగా వెనక్కి తగ్గుతుంది. ఒంటరి తల్లులు పనిలోకి రావడానికి ఇది తోడ్పడిందని చాలా అధ్యయనాలు చెప్పాయి. 1990ల్లోనే సంక్షేమ చట్టం మారింది, ఉద్యోగాలూ బాగా దొరికాయి కాబట్టి ఇందులో దీని వాటా ఎంతన్నది ఇంకా తెగలేదు.

నచ్చింది కదా అని వెనకేసుకు రాను. 55 శాతం కోత తక్కువేం కాదు. 2025 కనీస వేతనం 12.21 పౌండ్ల మీద లెక్కేస్తే, కోత వర్తించే మనిషికి గంట పనికి మిగిలేది దాదాపు ఐదున్నర. బస్సు చార్జీ, పిల్లల్ని చూసుకునే ఖర్చు అందులోంచే. అదే ఇంగ్లండ్‌లో ఏడాదికి 1,25,140 పౌండ్లు దాటి సంపాదించేవాళ్లు ఆపైన కట్టే ఆదాయ పన్ను 45 శాతం. కొసరు సంపాదన మీద పేదవాడికి పడే కోత ధనికుడికి పడే పన్ను కన్నా ఎక్కువన్నమాట. సాయం తీసుకునేవాళ్లు న్యాయంగా ఉన్నారా అని అడిగేవాళ్లు ఈ రెండు అంకెల్నీ ఒకసారి పక్కపక్కన పెట్టుకోవాలి.

వాలు మెల్లగా దిగాలంటే అది చాలా దూరం పోవాలి, అంటే సాయం మధ్యతరగతి అంచుల దాకా ఇవ్వాల్సొస్తుంది, ఖర్చు పెరుగుతుంది. అమెరికా పద్ధతిలో ఇంకో తిరకాసు ఉంది: అసలు సంపాదనే లేనివాడికి సున్నా, పిల్లల్లేనివాడికి నామమాత్రం. యజమాని జీతం పెంచకుండా ఆ భారం ప్రభుత్వం మీద తోసే ప్రమాదం కూడా స్పీన్‌హామ్‌లాండ్ నుంచి మనతోనే ఉంది. అందుకే కనీస వేతన చట్టం పక్కన లేకుండా ఈ వాలు ఒక్కదాన్నే పెట్టడం నాకిష్టం లేదు. కింద నేల గట్టిగా ఉంటేనే వాలు నిలబడేది.

మిగతావి గబగబా. అందరికీ ఊరికే ఇచ్చే మూల ఆదాయంలో కోతే ఉండదు కాబట్టి నా కొలబద్ద మీద దానికి నూటికి నూరు మార్కులు రావాలి. ఫిన్లాండ్ 2017, 2018లో రెండు వేల మంది నిరుద్యోగులకి నెలకి 560 యూరోలు ఇచ్చి చూసింది. పని తగ్గలేదు సరే, పెరిగిన పని కూడా ఏడాదిలో సగటున ఆరు రోజులే, కాకపోతే జనం మనసు కుదుటపడింది. అలాస్కా 1982 నుంచి చమురు నిధి లాభాన్ని ఏటా పంచుతోంది, అక్కడా ఉద్యోగాలు తగ్గలేదు. కానీ బతకడానికి సరిపడా మొత్తం అందరికీ ఇవ్వాలంటే పన్నులు ఎక్కడికి పోతాయో ఆ పంపకం చెప్పదు, అది చిన్న మొత్తం.

సాయానికి బదులు పనే ఇవ్వడం, మన దేశం 2005 చట్టంతో ఏడాదికి వంద రోజుల పనికి హామీ ఇచ్చినట్టు, న్యాయం ప్రశ్నని మొదట్లోనే తుంచేస్తుంది. కూలి చేసే తీసుకున్నాడు కదా. ఒళ్లు వంగనివాళ్లకీ, మంచం పక్క నుంచి కదల్లేనివాళ్లకీ అది అక్కరకు రాదు.

2025 ఏప్రిల్‌లో సంరక్షకుల భత్యం హద్దుని వారానికి 196 పౌండ్లకి పెంచారు. కొత్త కనీస వేతనంతో పదహారు గంటలకి 195.36, సరిగ్గా హద్దు లోపలే. మా చెల్లి మూడు గంటలు ఎక్కువ చేస్తోంది, సంతోషంగానే ఉంది. ఆ ఏడాదే మళ్లీ ఫోన్. మేనేజర్ పదిహేడో గంట అడుగుతున్నాడట. ఈసారి కాగితం తెమ్మనలేదు, లెక్క నోటికే వచ్చేసింది: 12.21 కోసం 83.30.