ఏడువేల ఎనిమిదొందల స్పీకర్లు, పదిహేను నిమిషాల కునుకు

నాలుగేళ్లుగా వాడుతున్న ఈ స్పీకర్ల మీద నా కోపమంతా ఒక్కదాని గురించే. నన్నడక్కుండా నిద్రపోతాయి. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఈ జబ్బు ఒక్క కంపెనీది కాదు, ఆ రేటులో దొరికే వాటిలో చాలావాటికి ఉంది. కింది స్వరాలకి నాలుగంగుళాల ఊఫర్, పైన సన్నటి స్వరాలకి చిన్న ట్వీటర్, కుడివైపు డబ్బాలోనే ఆంప్లిఫయర్, అక్కడినుంచి ఎడమదానికి ఒక వైరు. అందరికీ తెలిసిన సరుకే. 2021 నవంబరులో 7,800 పెట్టి కొన్నాను. అప్పుడు ఓయూలో ఎమ్మెస్సీ. విద్యానగర్‌లో మూడంతస్తుల ఇంటి మీద రేకుల రూము, హైదరాబాద్‌లో దాన్నే పెంట్‌హౌస్ అని గొప్పగా చెప్తారు, అద్దెలో నా వాటా 3,500. రెండు నెలల అద్దె కంటే ఎక్కువ పాటల మీద పెట్టానని మా నాన్నకు ఇప్పటికీ తెలీదు.

కొనే ముందు రెండు శనివారాలు కోఠి గుజరాతీ గల్లీలో తిరిగాను. ఏ షాపుకెళ్లినా ముందు ఊఫర్ డబ్బా ఉన్న టూ పాయింట్ వన్ సెట్టే చూపిస్తారు. ఒకాయనైతే నా చెయ్యి పట్టుకుని ఆ డబ్బా కన్నం ముందు పెట్టి "గాలి చూడన్నా, గాలి" అన్నాడు. గాలి బాగానే వచ్చింది, పాట పాడేవాడే ఎక్కడో డ్రమ్ములో పడి అరుస్తున్నట్టున్నాడు. ఒక ఆదివారం ఎర్రగడ్డ సంతకు కూడా వెళ్లాను. పాత చెక్క స్పీకర్ల జత, 1,500 అన్నాడు, చూడ్డానికి రాజాలా ఉన్నాయి. ముందున్న గుడ్డ తీసి, కోన్ చుట్టూ ఉండే ఫోమ్ రింగు మీద వేలు పెడితే నానిన బిస్కెట్ లాగా ఊడి వేలికి అంటుకుంది. పాత ఫోమ్ మన తేమకి అలాగే పోతుంది, రబ్బరు రింగైతే చాలాకాలం ఉంటుంది. రింగు మార్పించే ఓపికా డబ్బూ ఉంటే ఆ జత మంచి బేరమే, నాకు రెండూ లేవు. ఇక బ్లూటూత్ స్పీకర్ అంటారా, ఒకే డబ్బాలో జానెడు దూరంలో రెండు పెట్టి స్టీరియో అంటే నేను ఒప్పుకోను.

వాట్ల దగ్గర కూడా తెగ బుర్ర బద్దలుకొట్టుకున్నాను, 42 వాట్లు తీసుకోవాలా 60 తీసుకోవాలా అని. నిజానికి వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే, అంటే 42కీ 60కీ చెవికి తేడా దాదాపు తెలీదు. పైగా మా రూములో ఒక్క వాటు దాటిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కింద ఓనర్ ఆంటీ, పక్క మంచం మీద గ్రూప్-2 చదువుకునే మా రూమ్మేట్. ఆ గ్రూప్-2 సంగతి తెలుసుగా, నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది, వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. ఆ రెండేళ్లూ మా రూములో పాట అంటే ఫ్యాను చప్పుడు కంటే కాస్త పైన, అంతే.

మొదటి రాత్రి మాత్రం మర్చిపోలేను. బల్ల మీద రెండిటినీ చెరో చివర పెట్టి, అవి చెవుల ఎత్తుకి రావడానికి కింద ఒక్కో ఇటుక పెట్టి (మేడ మీద మిగిలిన ఇటుకలు, ఆంటీకి చెప్పలేదు), కుర్చీని వాటి మధ్య ఎంత దూరముందో అంత దూరంలో వేసుకుని ఘంటసాల కాలం నాటి పాట ఒకటి పెట్టాను. అవన్నీ మోనో రికార్డింగులు కదా, రెండు స్పీకర్లలోనూ అదే శబ్దం వస్తుంది. సరిగ్గా మధ్యలో కూర్చుంటే గొంతు ఎడమ నుంచీ రాదు, కుడి నుంచీ రాదు, ఏమీ లేని చోట, గోడకి తగిలించిన ఎల్‌ఐసీ క్యాలెండర్ దగ్గర నిలబడి పాడుతున్నట్టు వస్తుంది. మా వాడు పుస్తకం బోర్లా పెట్టి లేచి వచ్చి నా వెనక నిలబడి విన్నాడు, తర్వాత బల్ల వెనక్కి వంగి చూసి "మధ్యలో ఇంకోటి పెట్టావేంట్రా?" అన్నాడు. ఆ ఒక్క మాటకి 7,800 వసూలైపోయింది అనుకున్నాను. స్పీకర్లు కొనేవాళ్లకి నేను చెప్పే పరీక్ష కూడా ఇదే. పాత మోనో పాట పెట్టి గొంతు మధ్యలో నిలబడుతుందో లేదో చూడండి. (ఈ మాట గుర్తుపెట్టుకోండి, కిందికి వెళ్లాక దీన్ని కొంచెం వెనక్కి తీసుకుంటాను.)

బల్ల గోడకి ఆనించి ఉన్నప్పుడు బేస్ అంతా బుయ్ మని ముద్దగా వచ్చేది. వీటికి గాలి పోయే కన్నం వెనకవైపు ఉంది కాబట్టి అడుగు ముందుకి జరిపి, అది కూడా చాలక ఆ కన్నాల్లో చెరో సాక్సు కుక్కాను. ఉతికినవే. నవ్వకండి, పనిచేసింది, ఇప్పటికీ ఉన్నాయి.

పది రోజులు బాగా గడిచాయి. పదకొండో రోజో పన్నెండో రోజో, రాత్రి పదకొండు దాటాక వీణ పెట్టుకున్నాను. ఆలాపన సన్నగా మొదలై అలా వెళ్తోంది, ఉన్నట్టుండి టక్ మని చిన్న చప్పుడు, అంతా నిశ్శబ్దం. వైరు ఊడిందేమో అనుకున్నాను, లేదు. కరెంటు ఉంది. లాప్‌టాప్‌లో పాట నడుస్తూనే ఉంది. వాల్యూమ్ పెంచితే ఒక సెకను ఆగి గట్టిగా మొదలైంది, మా వాడు ఉలిక్కిపడి లేచాడు. మర్నాడు మళ్లీ అంతే. సినిమా పాటలకి ఏమీ కాదు, పగలు ఏమీ కాదు, రాత్రి మెల్లగా ఏదైనా వింటుంటే, అది కూడా ఫ్లూటో వీణో అయితే, పదిహేను నిమిషాల్లో టక్.

మాన్యువల్‌లో ఒక లైను ఉంది, సిగ్నల్ లేకపోతే పదిహేను నిమిషాలకి స్టాండ్‌బైలోకి, అంటే నిద్రలోకి, వెళ్తుందని. సిగ్నల్ ఉంది కదరా బాబూ, వీణ ఉంది కదా! వారంటీ ఉందని రెండు డబ్బాలూ దుప్పట్లో చుట్టి ఆటోలో సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లాను. పోను 220, రాను 250. అక్కడ కుర్రాడు ఫోను తగిలించి గోడలు అదిరేలా డీజే పాట పెట్టాడు, అరగంట వాయించాడు, "బాగానే ఉంది కద సార్" అన్నాడు. మెల్లగా పెట్టి చూడు అంటే, "మెల్లగా పెడితే ఇక్కడ ఏం వినపడ్తది సార్" అన్నాడు. అతని తప్పు కూడా కాదు, ఆ హాల్లో ఏసీ, పదిమంది కస్టమర్లు, టీవీ. కాయితం మీద లోపం ఏమీ లేదని రాసి తిప్పి పంపించాడు. ఇంకో నెల ఆగి మళ్లీ వెళ్లాను, మళ్లీ అదే డీజే పాట. ఆటోలకే దాదాపు వెయ్యి అయింది, ఆ వెయ్యి ముందే కలుపుకుని ఉంటే ఇంకో మెట్టు పైవి వచ్చేవి అని చాలా రోజులు ఏడ్చుకున్నాను.

మందు చెప్పింది కోఠిలో పాత ఆంప్లిఫయర్లు బాగుచేసే ఒక పెద్దాయన. ఆయన దగ్గరికి అసలు వెళ్లింది వేరే పని మీద, చార్జర్ పెడితే స్పీకర్లలో గుయ్యిమంటోందని (దానికి ఐసొలేటర్ అని చిన్న డబ్బీ ఉంటుంది, వైరుకి మధ్యలో తగిలిస్తే పోతుంది, మూడొందల లోపే). మాటల్లో ఈ నిద్ర సంగతి చెప్పాను. ఆయన సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి, కళ్లద్దాలు పైకి నెట్టుకుని, "లాప్‌టాప్‌ల సౌండ్ ఎంతల పెడ్తవ్ బేటా?" అన్నాడు. ఇరవై అన్నాను. "స్పీకర్ నాబ్?" సగం అన్నాను. "గదే. అది నీ చెవులకు వచ్చే సౌండ్ చూడది, వైర్ల నుంచి లోపటికి వచ్చేది చూస్తది. నువ్వు వైర్ల ఏం పంపుతలేవు, ఇంట్ల ఎవరూ లేరనుకొని పండుకుంటుంది. లాప్‌టాప్ ఫుల్ పెట్టు, నాబ్ తగ్గించు." దీనికి డబ్బులు తీసుకోలేదు.

ఆ రాత్రి లాప్‌టాప్ నూరు, నాబ్ దాదాపు అడుగున. వీణ పెట్టి గడియారం చూస్తూ కూర్చున్నాను. పదిహేను నిమిషాలు అయింది, ఇరవై అయింది, నలభై అయింది, పడుకోలేదు! రెండు సార్లు ఆటో ఎక్కించిన సమస్య ఒక్క మాటతో తీరిపోయిందని సంబరపడి, ఆ ఊపులో మళ్లీ ఆ పాత ఘంటసాల పాట పెట్టాను. గొంతు క్యాలెండర్ దగ్గర లేదు. కుడిపక్కకి వెళ్లిపోయి, కిటికీ చువ్వల దగ్గర నిలబడి పాడుతున్నాడు.

చవక స్పీకర్లలో ఇది మామూలేనట. ఒకే నాబ్ కింద ఎడమకి ఒకటి, కుడికి ఒకటి, రెండు పట్టీలు ఉంటాయి. నాబ్ కొంచెం తిప్పాక రెండూ సమానంగానే నడుస్తాయి గానీ మరీ అడుగున ఉన్నప్పుడు ఒకటి ముందు, ఒకటి వెనక. నా దాంట్లో కుడి ముందు లేచి, ఎడమ బద్ధకంగా వస్తుంది. గడియారంలో చెప్పాలంటే ఎనిమిది గంటల దగ్గర కుడివైపు ఒరుగు, పది గంటల దగ్గరికి వచ్చేసరికి సర్దుకుంటుంది. అంటే లాప్‌టాప్ తగ్గిస్తే నిద్రపోతుంది, నాబ్ తగ్గిస్తే ఒరుగుతుంది. షాపులో మీరు ఈ రెండూ చచ్చినా పట్టుకోలేరు, ఎందుకంటే షాపులో ఎవరూ ఆ సౌండులో వినిపించరు. నేను పైన రాసిన మోనో పరీక్ష ఉంది చూడండి, అది కూడా గట్టిగా పెట్టి చేస్తే పనికిరాదు, మీరు రాత్రి పన్నెండుకి ఎంతలో వింటారో అంతలో పెట్టి చెయ్యండి.

తెలిసినవాడు ఒకడు ఇంకో చిట్కా చెప్పాడు, చెవికి వినపడనంత కిందిస్థాయి శబ్దం, పది హెర్ట్జ్‌ది, వెనకాల నడుపుతూ ఉంటే స్పీకర్ మెలకువగా ఉంటుందని. చేసి చూశాను. శబ్దం లేదు గానీ ఊఫర్ కోన్ మాత్రం చలిజ్వరం వచ్చినట్టు ఊరికే వణుకుతోంది, దాన్ని చూస్తూ పాట వినలేక ఆపేశాను.

ఇంతకీ ఈ నిద్ర ఎందుకు పెట్టారంటే కరెంటు పొదుపుకి. వాడకుండా వదిలేసిన వస్తువు దానంతట అదే స్టాండ్‌బైలోకి వెళ్లాలని యూరప్‌లో 2013 నుంచి నిబంధన ఉంది, స్టాండ్‌బైలో మామూలుగా అర వాటు మించి తాగకూడదు. వాళ్లకీ మనకీ ఒకే డబ్బా చేసి అమ్మితే అదే ఇక్కడికీ వస్తుంది. మంచిదే, కాదనను. కానీ లెక్క వేసి చూశాను, ఊరికే ఆన్‌లో ఉన్నందుకు అయిదు వాట్లు తాగుతుందనుకున్నా నెలకి 3.6 యూనిట్లు, మా ఆంటీ సబ్ మీటర్ రేటు పది రూపాయల చొప్పున 36 రూపాయలు. ఆ 36 నేనే ఇచ్చేవాణ్ని, వెనకాల ఒక స్విచ్చి పెట్టి ఉంటే చాలు. కొన్ని మోడళ్లకి ఆ స్విచ్చి ఉంటుంది కూడా. కొనేటప్పుడు ముందు వైపు కాదు, వెనక్కి తిప్పి అది ఉందో లేదో చూడండి.

చివరికి నేను కుదుర్చుకున్నది ఏంటంటే లాప్‌టాప్ 60, నాబ్ పది గంటల దగ్గర. నాబ్ మీద వైట్‌నర్‌తో చుక్క పెట్టుకున్నాను, చీకట్లో కూడా కనపడుతుంది. సినిమా పాటలు, పాతవైనా కొత్తవైనా, ఇలా హాయిగా వినొచ్చు, గొంతు మధ్యలోనే ఉంటుంది, నిద్రపోదు. మా వాడికి కొంచెం ఎక్కువే అనిపించేది గానీ పాత పాటలైతే ఏమీ అనేవాడు కాదు. వీణ, ఫ్లూటు మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు టక్ మంటాయి, వాటికి ఇయర్‌ఫోన్సే. అంటే ఏ వీణ కోసం ఇన్ని తిప్పలు పడ్డానో ఆ వీణే ఇందులో వినడం లేదు.

మళ్లీ కొంటానా అంటే, అప్పటి నా పరిస్థితిలో, ఆ డబ్బుకి, బహుశా ఇవే కొంటాను. హాస్టల్లో పదిమంది మధ్య ఉండేవాళ్లకి, గట్టిగా వినేవాళ్లకి ఈ గొడవ అసలు తెలియనే తెలియదు, హాయిగా కొనుక్కోండి. రాత్రిళ్లు గోడకి అవతల ఎవరో చదువుకుంటుంటే మెల్లగా వినే రకమైతే మాత్రం ఆ డబ్బుకి మంచి ఇయర్‌ఫోన్స్ కొనుక్కుని మిగిలింది దాచుకోమనే అంటాను, అయినా ఆ క్యాలెండర్ దగ్గరి గొంతు ఇయర్‌ఫోన్స్‌లో రాదు, అక్కడ తల లోపల పాడుతున్నట్టుంటుంది.

ఇప్పుడు ఉద్యోగం, కూకట్‌పల్లిలో వేరే ఫ్లాట్, అవే స్పీకర్లు, అవే ఇటుకలు (ఆంటీకి చివర్లో చెప్పాను). వరంగల్‌లో చదువుతున్న మా తమ్ముడు తనకీ ఇలాంటివే కావాలంటున్నాడు. దసరాకి వస్తున్నాడు. పగలు పెట్టను, రాత్రి పన్నెండుకి మా పక్క ఫ్లాట్ వాళ్లు పడుకున్నాక వినిపించి, అప్పుడు అడుగుతాను కావాలో వద్దో.